క్రిముల బోను

పెదవలసలో తెలివంటే గవరయ్య ఇంటివాళ్ళదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. గవరయ్య, భార్య నూకాలు, తమ్ముడు అప్పలకొండ రోజూ ఒకరితో ఒకరు చెప్పుకునేవారు.

ముగ్గురూ కోడిమాంసం వేయించి, చల్లార్చి, పొట్లాలు కట్టేవారు. పట్నం కొట్టువాడేమో సర్కారు ముద్ర ఉంటేనే సరుకు దించుకుంటానన్నాడు. ముద్ర రాకపోతే పొయ్యి ఆర్పుకోవడమే.

తనిఖీకి ఆఫీసరమ్మ వసుంధర వచ్చింది.

"గాలిలో కంటికి కనపడని క్రిములుంటాయి. చల్లారిన మాంసం మీద వాలతాయి. అది మళ్ళీ పొయ్యెక్కదు కాబట్టి అవి చావవు. తిన్నవాళ్ళకి జబ్బు," అని ఓపిగ్గా చెప్పి, జిగురు పోసిన చిన్న గాజు పళ్ళెం ఇచ్చింది. "మాంసం ఆరబెట్టే గదిలో గంటసేపు దీని మూత తీసి, మళ్ళీ మూసెయ్యండి. గాలిలో క్రిములు ఇందులో పడతాయి. మూడు రోజులకి చుక్కలుగా పెరుగుతాయి. వచ్చి లెక్కపెడతాను."

ఇంకేముంది, ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ముగ్గురూ ఆలోచనలో పడ్డారు.

"ఇది బోను, వదినా," అన్నాడు అప్పలకొండ.

"బోనైతే మరి ఎర ఏదయ్యా?"

అంతే, జిగురు మధ్యలో ఓ కోడిముక్క పెట్టారు.

"గదిలో క్రిములు తక్కువేమో," అని గవరయ్య కిటికీలు బార్లా తెరిచాడు. పెంటకుప్ప వైపు కిటికీలో ఫ్యాను పెట్టి లోపలికి తిప్పాడు.

"ఇందులో ఎన్ని పడితే మాంసానికి అంత మేలు," అంది నూకాలు. ఆ మాంసం పక్కనే తట్టల్లో, మూత లేకుండా ఆరుతోంది.

"గంటేం చాలుతుంది? పాపం, అవి దూరం నుంచి రావాలి కదా," అని పళ్ళేన్ని పగలంతా ఉంచారు.

మూడోనాటికి పళ్ళెంలో ఆకుపచ్చ, పసుపు, నలుపు. గవరయ్య మురిసిపోయి ఆఫీసరమ్మకి ఫోన్ చేశాడు.

"బోలెడు పడ్డాయి అమ్మగారూ. ఈ చుట్టుపక్కల మా అంత ఎవరూ పట్టి ఉండరు."

"పది చుక్కలు దాటితే ముద్ర రాదు గవరయ్యా. సాయంత్రం వస్తున్నాను."

గవరయ్య ఫోన్ పెట్టేసి పళ్ళెం దగ్గరికి తీసుకున్నాడు. "మనం మరీ ఎక్కువ పట్టేశామే."

"దానికేముంది," అంది నూకాలు. "పది ఉంచి తక్కినవి తీసేద్దాం."

అంతే, చెంచా తెచ్చి గీకడం మొదలెట్టారు.

సాయంత్రం ఆఫీసరమ్మ మూత తీసి చూసింది. సరిగ్గా పది చుక్కలు.

"పొద్దున బోలెడన్నావు?"

"తీసేశామండి."

"తీసి ఎక్కడ పారేశారు?"

నూకాలు నొచ్చుకుంది. "పారెయ్యడమేంటమ్మా, ప్రాణమున్నవి కదా. ఎలాగూ మాంసం మీదికే పోతాయన్నారని, పొట్లానికి కొంచెం చొప్పున సమానంగా సర్దేశాం."