కాలువ మీద బాట

థాయిలాండులో బాంగ్ ఖా అనే చిన్న పట్నంలో, ఎదుటివాడి ముఖం మీద కాదనడం చేతకాని ప్రచువాబ్ అనే ముసలాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని 'లుంగ్' అని పిలిచేది. లుంగ్ అంటే ఆ దేశంలో పెద్దనాన్న. ఎవడైనా తన గొడుగు పట్టుకుపోతుంటే ఆపలేక, తాను తడుస్తూ "వాన ఎంత చల్లగా ఉందో!" అనే రకం. ఆ దేశంలో నలుగురిలో ఒకరిని చిన్నబుచ్చకపోవడం పెద్ద మర్యాద. మర్యాద మంచిదే, కానీ ప్రచువాబ్‌కు అది ముదిరి జబ్బైంది.

ఆయన ఇల్లు కాలువ ఒడ్డున ఉండేది. భార్య సమ్లీ వెనక వసారాలో మట్టిపొయ్యిల మీద కొబ్బరిపాల అట్లు కాల్చేది. ఆ పొయ్యిలు సమ్లీ తల్లి చేత్తో కట్టినవి. ప్రచువాబ్ నలభై ఏళ్ళు ఆ అట్లను పడవలో తిప్పి అమ్మాడు. కాలువ ఏ నెలలో ఎంత పొంగుతుందో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఏటా వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తే అక్కడ ఇంటి స్తంభానికి ఒక మేకు కొట్టేవాడు.

ఒక వేసవిలో పురపాలక సంఘంవారు ఊరిని బాగుచేయడానికి పూనుకున్నారు. కాలువను పూడ్చి, అడుగున సిమెంటు గొట్టాలు వేసి, పైన రంగురాళ్ళ బాట, దీపస్తంభాలు, పూలతొట్లు పెడతారట. లారీల్లో గొట్టాలు దిగాయి. ప్రచువాబ్ వెళ్ళి ఒకదానిలోకి వంగి చూశాడు. వానాకాలపు నీళ్ళలో సగం కూడా అందులోంచి పోవు.

"మన పొయ్యిలు మునిగిపోతాయే!" అన్నాడు ఇంటికొచ్చి.

"నాతో అంటే ఏం లాభం? ఆ ఇంజనీరుతో చెప్పు," అంది సమ్లీ.

బౌద్ధాలయం మండపంలో సభ పెట్టారు. ఇంజనీరు తవత్ పాతికేళ్ళవాడు, పొరుగూరివాడు. "నేను ఇక్కడికి కొత్త. పనిలో లోపముంటే దయచేసి చెప్పండి," అని చేతులు జోడించాడు. అందరూ చిరునవ్వులు నవ్వారు. ప్రచువాబ్ ధైర్యం కూడగట్టుకుని లేచాడు.

"రండి లుంగ్!" అన్నాడు తవత్ సంబరంగా. "బాట మొదట్లో బోర్డు మీద మీ పడవ బొమ్మే వేయిస్తున్నాం!"

సభంతా చప్పట్లు కొట్టింది. ఇంతమందిలో, మేయరుగారి పక్కన నిలబడిన ఆ కుర్రాణ్ణి చిన్నబుచ్చడమా? ప్రచువాబ్ చేతులు జోడించాడు.

"చాలా... చాలా బాగుంది బాబూ," అని కూర్చున్నాడు.

వారం తర్వాత పడవను ఫొటో తీసుకోవడానికి తవత్ ఇంటికే వచ్చాడు. సమ్లీ వేడివేడి అట్లు పెట్టింది. తింటూ అతను స్తంభంకేసి చూశాడు. "ఇవేమిటి లుంగ్, ఇన్ని మేకులు?"

దేవుడిచ్చిన అవకాశమంటే అదే. అడక్కుండానే వచ్చింది. కానీ ఇంటికొచ్చిన అతిథి, నోట్లో అట్టు, కళ్ళల్లో ఆనందం! అలాంటివాడితో నీ పని తప్పు అని ఎలా అనడం?

"బట్టలు తగిలించుకోవడానికి బాబూ," అన్నాడు ప్రచువాబ్.

వెనక సమ్లీ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పరాయివాడి ముందు మొగుడి మాట అబద్ధమనడానికి ఆవిడకూ నోరు రాలేదు. అతను వెళ్ళాక మాత్రం, "ఎందుకు చెప్పలేదు?" అని నిలదీసింది.

"ఇంకెవరైనా చెప్తారులే," అన్నాడాయన. ఆ వీధిలో తక్కిన పదకొండు ఇళ్ళవాళ్ళూ సరిగ్గా అలాగే అనుకున్నారు.

వానలు వచ్చాయి. పైనున్న పొలాల నీళ్ళన్నీ ఊరి మీద పడ్డాయి. గొట్టాలు మింగినంత మింగి తక్కింది కక్కేశాయి. బాట ఎత్తుగా, ఇళ్ళు పల్లంగా ఉండడంతో ఆ నీటికి ఇళ్ళే కాలువలయ్యాయి. తొమ్మిది రోజులు నీళ్ళు తగ్గలేదు. తగ్గాక చూస్తే వసారాలో పొయ్యిలు లేవు. బురదముద్దలు ఉన్నాయి.

తవత్ మోకాళ్ళ లోతు బురదలో ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. ప్రచువాబ్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ గొట్టాలు చిన్నవి బాబూ. నాకు వేసవిలోనే తెలుసు."

తవత్ ముఖం పాలిపోయింది. "తెలుసా? మరి నేను అడిగానుగా లుంగ్! సభలో అడిగాను, మీ ఇంటికొచ్చి అడిగాను. అప్పటికింకా గొట్టాలు భూమిలో దిగలేదు. ఒక్క మాటంటే పెద్దవి తెప్పించేవాణ్ణి."

"ఇప్పుడు మార్చలేవా?"

"బాటంతా పగలగొట్టాలి. నిన్ననే పైవాళ్ళను అడిగాను. కుదరదన్నారు." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరిని నొప్పించకూడదని ప్రచువాబ్ నోరు కట్టుకున్నాడో, ఆ కుర్రాడే తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ప్రచువాబ్ లోపలికి వచ్చాడు. సమ్లీ బురదలో కూర్చుని ఉంది.

"మళ్ళీ కట్టుకుందామే," అన్నాడు.

"ఎక్కడ? ఏటా నీళ్ళొచ్చే చోటా?" అంది సమ్లీ. ఆ తర్వాత ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో మళ్ళీ అట్లు కాలలేదు.

మొహమాటం కొద్దీ వేళకు చెప్పని నిజం మర్యాద కాదు, ద్రోహం. వేళ దాటాక అదే నిజాన్ని ఎంత గొంతెత్తి చెప్పినా మునిగిన ఇల్లు తేలదు.