హిమసుందరి కన్నీళ్లు

సముద్రపు హోరు కోటలోకి వినబడే ఒకానొక రాజ్యాన్ని గజకేసరి మహారాజు ఏలుతుండేవాడు. ఏ మొక్కనైనా ఒక్క చూపులో పోల్చేస్తానని ఆయనకు మహా అతిశయం. ఆయన పేరు పెట్టాక కాదన్నవాడికి ఆ రాజ్యంలో నిలువ నీడ ఉండదు.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు సన్నని ఆకులు, గులాబిరంగు పూలకుచ్చులు ఉన్న పొదను కానుకగా తెచ్చాడు. అతను నోరు తెరిచేలోపే రాజు, "చెప్పకు! ఇది మంచుకొండల్లో పూసే హిమసుందరి!" అనేశాడు. సభంతా చప్పట్లు కొట్టింది. పాపం, వర్తకుడూ కొట్టాడు.

ఇక చూడండి, ఆ పొదకు చలువపందిరి, పూటపూటా చల్లని పన్నీరు! పది పూటలైనా గడవకముందే పూలు రాల్చి, కొమ్మలు వాల్చేసింది. రాజు తోటమాలి మీద మండిపడ్డాడు. "పోలయ్యా! పున్నమిలోగా ఇది కోలుకోకపోతే పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాల్సిందే!"

పోలయ్య ఏడుస్తూ ఆస్థానంలో చమత్కారానికి పేరుపడ్డ ఔబళయ్య కాళ్ల మీద పడ్డాడు. ఔబళయ్య నేరుగా రేవుకు పోయి వర్తకుణ్ణి నిలదీశాడు.

"అది ఎండలో, ఉప్పునేలలో పెరిగేది బాబూ. తాగిన ఉప్పును ఆకుల మీదికి కక్కేస్తుంది. నన్ను చెప్పనిస్తేగా మీ రాజుగారు!" అన్నాడు వర్తకుడు.

మర్నాడు పొద్దున్నే రాజు తోటకు వచ్చేసరికి ఔబళయ్య పొద పక్కన ఉత్తరీయంతో కళ్లొత్తుకుంటున్నాడు.

"ఏమైందయ్యా?"

"నాకేం కాలేదు ప్రభూ. హిమసుందరే ఏడుస్తోంది. కావాలంటే ఆకు మీది చెమ్మ రుచి చూడండి."

రాజు వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పన!

"అయ్యో! దీనికేం లోటు చేశాం?"

"పన్నీరు వద్దంటోంది ప్రభూ. తమ రాజ్యంలో గడ్డి కూడా మొలవని ఉప్పుపర్రను తన పూలతో అలంకరిస్తానని పట్టుబడుతోంది."

"ఆహా, ఏం రాజభక్తి!" అని రాజు పొంగిపోయి, అప్పటికప్పుడే దాన్ని సముద్రపు ఒడ్డునున్న ఆ ఉప్పుపర్రకు తరలించాడు.

పున్నమినాటికి కొమ్మకొమ్మకూ మొగ్గలే. రాజు మురిసిపోతూ ఓ ఆకు కొరికి, మొహం చిట్లించాడు.

"ఔబళయ్యా! ఇంకా ఏడుస్తోందేం?"

పోలయ్య గబుక్కున ఔబళయ్య వెనక్కి నక్కాడు.

"ఆనందబాష్పాలు, మహాప్రభూ!"

రాజు ఔబళయ్యను చూశాడు. కాళ్ల కింద తెల్లగా పేరుకున్న ఉప్పును చూశాడు. "నిజం చెప్పు. ఇది మంచుకొండల మొక్క కాదు కదూ?"

"తమరు తెల్లని నేలలో పెరిగే మొక్క అని సరిగ్గానే పోల్చారు ప్రభూ. కాకపోతే తమ చూపు కాస్త దూరం పోయింది, అంతే!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఔబళయ్య మెడలో వేశాడు. పోలయ్యను ఉద్యానవనానికి అధికారిని చేశాడు. ఆపైన వర్తకుణ్ణి పిలిపించి, మొక్క అసలు పేరేమిటో చెప్పమని బుద్ధిగా ఎదురుగా కూర్చున్నాడు.