బడి ముందు చిలకమ్మ చోళ్ళు

అనగా అనగా, ఊకొట్టే నోరుంటేనే చెప్పే నోరుంటుంది గనక ఊకొట్టండి, కొండ మీది ఊళ్ళకి ఉప్పు ఎడ్లబండ్ల మీద ఎక్కే కాలంలో, కొండ కింద ఒక ఊరుండేది.

ఉప్పు దింపేసిన ఖాళీ బండ్లు ఆ ఊరి మీదుగానే తిరిగొచ్చేవి. దిగుడు దారి, ఖాళీ బండి, ఇంటి దగ్గరి గడ్డి తలుచుకున్న ఎడ్లు. ఇంక చెప్పాలా, గాలే. దారి దిగేచోట ఒక పక్క అరుగు మీద పంతులుగారి బడి. ఇంకో పక్క నేలబావి. ఇసుకలో అక్షరాలు దిద్ది దిద్ది, వల్లెవేసి వల్లెవేసి, పిల్లలకి గొంతెండేది. పంతులు వెళ్ళమని తల ఊపితే చాలు, పిచ్చుకల్లా లేచి దారికి అడ్డంపడి బావికి పరిగెత్తేవారు.

ఒకనాడు ఏ ఊరిదో ఉప్పుబండి కుమ్మరివాళ్ళ పిల్లవాణ్ణి కొట్టేసి పోయింది. దారి పక్క గుడిసెలో చిలకమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఇళ్ళల్లో వడ్లు దంచి, కూలికి చోళ్ళు తెచ్చుకుని, అంబలి కాచుకుని బతికేది. చోళ్ళంటే రాగులే. ఆవిడే ముందు పరిగెత్తి వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు నీళ్ళన్నాడు. తెచ్చేలోగా పోయాడు.

ఆ ఊళ్ళోనే దాలినాయుడని ఒక బండివాడు. అతని ఎడ్ల పరుగుకి చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. నా బండి కాదు గదా అనుకున్నాడు దాలినాయుడు. అనుకున్నాడే గాని ఆ పూట కంచం ముందునుంచి లేచిపోయాడు.

పెద్దలు కూర్చున్నారు. బడి ముందు ఏ బండీ పరిగెత్తకూడదు, మనిషి నడకన పోవాలి అన్నారు. మొదట చాటింపు వేయించారు. నాలుగు రోజులు బండ్లు నడిచాయి, తరవాత పరిగెత్తాయి. ఆ పైన అక్షరాలు చెక్కిన రాయి పాతించారు. అక్షరం రానివాడికి రాయి రాయే. వచ్చినవాడు చదువుకుంటూనే పరిగెత్తించాడు. ఆఖరికి తలారికి కర్రిచ్చి నిలబెట్టారు. అతను పొరుగూరి బండ్లని ఆపి కేకలేసేవాడు. సొంతూరి బండి వస్తే ఒక చుట్ట పుచ్చుకుని పక్కకి తిరిగేవాడు. దాలినాయుడి చుట్టలూ కాల్చాడు.

చాటింపు గాలికి పోయింది. రాయి గడ్డిలోకి పోయింది. తలారి నిద్రలోకి పోయాడు. బండ్లు మాత్రం పరుగున పోయాయి.

ఇలా ఉండగా ఒకనాడు, వాకిట్లో నీడ పడిందని చిలకమ్మ తన కూలి చోళ్ళు తెచ్చి దారి మీద ఎండబోసింది. దాలినాయుడి బండి దూకుతూ వచ్చింది. గింజలు కనబడ్డాయి. పగ్గాలు బిగబట్టి వెనక్కి వాలిపోయాడు. గింజ మీద చక్రం పోనిచ్చినవాడి గాదెలో గింజ నిలవదని వాళ్ళ నమ్మకం. పెద్దల మాట దాటొచ్చు, తలారి కర్ర దాటొచ్చు, తినే గింజని ఎలా దాటడం? దిగాడు. ఎడ్లు మూతి పెట్టకుండా ముకుతాళ్ళు పట్టుకుని, ఓరగా నడిపించుకుపోయాడు. ఆ నడిచేలోగా పిల్లలు దారి దాటి నీళ్ళు తాగేశారు.

చిలకమ్మ బండిని చూసింది. పిల్లల్ని చూసింది. తన చోళ్ళని చూసింది.

మర్నాటి నుంచి పిల్లలు నీళ్ళకి లేచే వేళకి దారికి అడ్డంగా, ఒక్క బండి ఓరగా పట్టేంత వదిలి, చోళ్ళు పరిచేది. చిలకమ్మ చోళ్ళు పోసేది. బండి నడిచేది. పిల్లలు దాటేవారు.

దాలినాయుడు విసుక్కునేవాడు. "ఏటి మామ్మా, ఊరందరి గింజలూ ఎండుతాయి, నీవి ఎండవేటి?"

"ముసల్దాని గింజలు గదా నాయనా. నాలాగే నెమ్మది."

పిల్లల పేరెత్తేది కాదు. ఎత్తితే అదీ ఇంకో చాటింపైపోతుందని భయమేమో. సాయంత్రం పిచ్చుకలు తిన్నవి పోగా, చీమలు మోసినవి పోగా, మిగిలినవి ఊడ్చి చెరిగి ఎత్తుకునేది. తరిగినన్ని తన కూలిలోంచి కలిపేది. ఆ తరుగెంతని ఎవరూ అడగలేదు. చిలకమ్మ చోళ్ళు పోసేది. బండి నడిచేది. పిల్లలు దాటేవారు.

కరువొచ్చింది. వాన లేదు, వడ్లు లేవు, దంపుడు లేదు. ఇంట్లో ఉంటే ఆకలి గుర్తొస్తుందని తల్లులు పిల్లల్ని బడికే తోలేవారు. వాళ్ళు ఇదివరకటి కంటే ఎక్కువ నీళ్ళు తాగేవారు. చిలకమ్మ చోళ్ళు పోస్తూనే ఉంది. పలచగా, అయినా పోస్తూనే ఉంది.

పెద్దలు సావిడి దగ్గర గంజి కాగు పెట్టారు. ఉప్పు తెచ్చిచ్చినవాడు గనక గరిటె దాలినాయుడి చేతికిచ్చారు. వరసలో చిలకమ్మ కూడా ముంత పట్టుకుని వచ్చింది.

"నువ్వూ వచ్చావేటి మామ్మా? దారి మీద పారబోసుకునేంత గింజలున్నదానివి."

వరస వరసంతా నవ్వింది. ఆకలి మీదున్న జనానికి నవ్వడానికి ఒకటి దొరికింది మరి. దాలినాయుడు అంటూనే గరిటె ఎత్తాడు. గంజి పోయాలనే ఎత్తాడు.

"అవి తినేవి కావు నాయనా," అని చిలకమ్మ ముంతని కొంగు చాటున పెట్టుకుని వెనుదిరిగింది.

గరిటె గాలిలోనే ఉండిపోయింది. వెనక ఇంకా ఎందరో ఉన్నారు. రేపొస్తుందిలే అనుకున్నాడు. రేపు రాలేదు.

ఆ తరవాత రోజూ ఆ పలచని చోళ్ళ పక్కనుంచే బండి నడిపించుకుపోయాడు. తిన్నావా మామ్మా అని అడుగుదామనుకున్నాడు, ఆవిడ బావి వైపు చూస్తోంది, అడగలేదు. మళ్ళీ అడుగుదామనుకున్నాడు, వెనకాల ఇంకో బండి ఉంది, అడగలేదు. మళ్ళీ అడుగుదామనుకున్నాడు. ఈసారి ఆవిడే అతనికేసి చూసి నవ్వింది. ఆ నవ్వుకి సిగ్గేసి అడగలేదు.

ఒకనాడు దిగుడు దిగేసరికి దారి ఖాళీ. చోళ్ళు లేవు. ఎడ్లు మాత్రం ఆ చోటికి వచ్చి ఆగి, మూతులు నేలకి ఆనించి వెతుక్కున్నాయి. పిల్లలు వాటి కొమ్ముల ముందునుంచే దాటిపోయారు. దాలినాయుడు దిగి గుడిసెలోకి తొంగి చూశాడు.

చిలకమ్మ గోడవారన పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. పొయ్యిలో బూడిద ఎప్పటిదో. కుండ బోర్లించి ఉంది. గుమ్మం దగ్గర చేటలో చోళ్ళు, దుమ్ము చెరిగి, రాళ్ళు ఏరి, దారి మీదికి తేవడానికి సిద్ధంగా. ఆ చోళ్ళతో రెండు పూటల అంబలయ్యేది.

దాలినాయుడు ఆ చేట బయటికి తెచ్చాడు. ఆవిడ పోసేచోటే పోశాడు. పక్కన చతికిలబడ్డాడు. వచ్చిన ప్రతి బండీ ఆగింది. దిగినవాడల్లా మామ్మ ఏదని అడిగాడు.

"తినలేదు," అన్నాడు దాలినాయుడు. ఎవరడిగినా అంతే అన్నాడు.

తరవాత ఆ ఊళ్ళో ఇంటింటా వంతు పెట్టుకున్నారు. వంతు వచ్చిన ఇల్లు చోళ్ళు పోయాలి, ఒక మనిషిని కూర్చోబెట్టాలి. మొదటి వంతు దాలినాయుడిదే. కాళ్ళు ఆడినన్నాళ్ళు మిగతా వంతులు కూడా తనే కూర్చున్నాడంటారు. బండి మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పుడా దారి తారు రోడ్డయింది. బడి మేడయింది. ఎంత నెమ్మదిగా పోవాలో అంకె రాసిన బోర్డు పెట్టారు. బడి విడిచే వేళకి ఈల పట్టుకుని ఒక పోలీసాయన నిలబడతాడు. ఆ ఊరివాళ్ళు లారీలో ఉన్నా, ఆటోలో ఉన్నా, అక్కడికి రాగానే బండిని నడకకి తెస్తారు. ఆయన దగ్గర ఆపి, తల బయటికి పెట్టి, "తిన్నావా బాబూ?" అని అడుగుతారు. కొత్తగా వచ్చినాయన అయితే ముందు వెటకారమనుకుంటాడట. పోండి పోండి అని చెయ్యూపుతాడట. తిన్నానని చెబితేగాని బండి కదలదు.