పెట్టని వరుస

దేవుడు దిగొచ్చి తెలివిని ఊరంతా సమానంగా పంచుతానంటే సూరిబాబు ఇంటివాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కారు. "మా వాటా తగ్గిపోదూ?" అని తగువుకి దిగేవాళ్ళు. అంత నమ్మకం వాళ్ళకి వాళ్ళ బుర్రలమీద.

మా రేవుపేట మలుపులో ఇడ్లీ కొట్టు వాళ్ళది. సూరిబాబు పిండి రుబ్బుతాడు, పెళ్ళాం తాయారు చట్నీ చేస్తుంది, తమ్ముడు బుల్లియ్య వడ్డిస్తాడు. కూతురు రోహిణి పదో తరగతి. సైన్సులో నూటికి తొంభై ఎనిమిది! అంత మార్కులొచ్చిన పిల్ల బడిలో ల్యాబుని మాత్రం కిటికీలోంచే చూసింది. గాజుసామాను పగిలిపోతుందని హెడ్మాస్టరు తాళం తీయడు. ప్రయోగాలన్నీ నోటుబుక్కులోనే చేసింది, ఎర్రగీతలు కొట్టి మరీ.

ఇడ్లీ మాత్రం బాగుండేది. కాదనను, నేను తిన్నవాణ్ణే. కానీ బైపాసు పడ్డాక బస్సులు పేటలోకి రావడం మానేశాయి. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే పొయ్యి ఆర్పుకోవడమే. సరిగ్గా అప్పుడే కాలేజీ హాస్టలుకి రోజూ టిఫిను పంపే పని ఎవరికివ్వాలా అన్న మాట వచ్చింది. అదొక్కటి దొరికితే కొట్టు బతుకుతుంది. ఇవ్వాల్సింది వార్డెను పరాంకుశం గారు. "బడిలో సైన్సు పండగకి నేనూ వస్తున్నా. ఆ రోజు టిఫిను మీరే పెట్టండి. తిని చెబుతాను," అన్నాడాయన.

ఆ వారమే తల్లిదండ్రుల్ని బడికి పిలిచారు. సుభాషిణి టీచరు పాపం మంచి మాటే చెప్పింది. "సైన్సంటే మార్కులొక్కటే కాదండీ. అది చదివినవాళ్ళు ఏ పనిలో దిగినా నెగ్గుకొస్తారు. పరీక్షించనిదే నమ్మరు. ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తారు. కొలవనిదే రాయరు. ఈ అలవాట్లే ఉద్యోగాలు తెచ్చిపెడతాయి."

సూరిబాబు చంకలు గుద్దుకున్నాడు. "ఉద్యోగం దాకా ఎందుకు టీచరమ్మా? పొద్దున్నే కొట్లో మొదలెట్టేస్తాం!"

మర్నాడు నేను కొట్టుకెళ్తే ప్లేటులో నాలుగిడ్లీలు పెట్టాడు బుల్లియ్య. నాలుగూ ఓ పక్క కొరికి ఉన్నాయి.

"ఏరా, ఎలకలు పడ్డాయా?"

"ఎలకలేంటండీ, నేనే. పరీక్షించనిదే మీకెలా పెడతాను?"

"ఒకటి కొరికి చూస్తే చాలదూ?"

"అదెలాగండీ? మిగతా మూడూ ఎలా ఉన్నాయో ఆ ఒకటికేం తెలుసు?"

అంతే. ప్లేటు పక్కకి జరిపేశాను. తొమ్మిదయ్యేసరికి వాడి పొట్ట ఉబ్బి బల్లమీద వెల్లకిలా పడ్డాడు. అయినా పరీక్ష ఆపితేనా! పడుకునే కొరికాడు.

ఈలోగా ఓ ముసలాయన చట్నీ నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఉప్పు కషాయంలా ఉంది తల్లీ. పైగా మాడు వాసన."

"ఒకసారికి ఒక్కటే మార్చాలండీ," అంది తాయారు. "ఇవాళ ఉప్పు తగ్గిస్తా. మాడు సంగతి ఎల్లుండి చూద్దాం."

ఆ మాటంటూనే ఉంది, పొయ్యి మీద పాలు పొంగాయి, పొయ్యి పక్కన తువ్వాలు అంటుకుంది. తాయారు రెండు చేతులూ చాచి, మళ్ళీ ఒకటి వెనక్కి లాక్కుంది.

"ఏమండీ, పాలా, తువ్వాలా?"

"ఒక్కటే! ముందు పాలు దించు. ఏం తేడా వచ్చిందో చూసి అప్పుడు తువ్వాలు," అన్నాడు సూరిబాబు.

ఇంకేముంది! తువ్వాలు వెళ్ళి తడికని అంటించింది, తడిక వెళ్ళి పందిరిని అంటించింది. పేటంతా బిందెలతో పరిగెత్తుకొచ్చి ఆర్పాం. నా చొక్కా చెయ్యి కాలింది, అది వేరే సంగతి. రోహిణి మాత్రం ఓ మూల కూర్చుని, "పాలు దించుట వలన పాలు దక్కినవి," అని రాసుకుంది.

సైన్సు పండగ పొద్దున రెండొందల ఇడ్లీలు ఆవిరి కక్కుతున్నాయి. మల్లెపూలల్లే ఉన్నాయి, దేవుడి మీదొట్టు. కొరకొద్దని బుల్లియ్య మూతికి నేనే రుమాలు కట్టాను. ఇక గట్టెక్కినట్టే అనుకున్నా. అప్పుడా పిల్ల నోటుబుక్కు తెరిచి గొంతెత్తి చదివింది.

"రెండు మొక్కలు తీసుకొనవలెను. ఒకదానికి నీళ్ళు పోయవలెను. రెండవదానికి పోయరాదు. అప్పుడే నీటి గొప్పతనం తెలియును."

సూరిబాబు గరిట దించేశాడు. "అమ్మడూ! మరి అందరికీ పెట్టేస్తే మన ఇడ్లీ గొప్ప ఎలా తెలుస్తుందే?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంత తెలివి ఒకే ఇంట్లో ఎలా పట్టిందా అని తాయారుకి కళ్ళంట నీళ్ళొచ్చాయి.

బడి వరండాలో రెండు వరుసలు కూర్చోబెట్టారు. ఇటు పిల్లలూ మేమూ. అటు ఫ్యాన్ల కింద పెద్దమనుషులు, మధ్యలో పరాంకుశం గారు. ఇటు వడ్డించారు, మళ్ళీ వడ్డించారు, వద్దంటున్నా వడ్డించారు. అటు మంచినీళ్ళు కూడా లేవు. పావుగంటైంది. అరగంటైంది. నాకు మింగుడు పడక, "బుల్లియ్యా, అటు కూడా పెట్టరా," అన్నాను.

"మీకు తెలీదు, ఊరుకోండి. అది పెట్టని వరుస," అన్నాడు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. "ఏమయ్యా సూరిబాబూ, మేం మనుషుల్లా కనబడ్డం లేదా?"

"పెట్టని వరుస: మొహం ఎర్రబడినది," అని రాసింది రోహిణి. "వేడి ఎంతో కొలవాలి బాబాయ్! కొలవనిదే రాయకూడదు!"

ఆయన తిట్టడానికి నోరు తెరిచాడు. అంతే, బుల్లియ్య పక్కన ప్రదర్శన బల్లమీదున్న థర్మామీటరు తీసి ఆ నోట్లో పెట్టేశాడు.

సుభాషిణి టీచరు అడ్డం పడి, చేతులు జోడించి, ఆయన్ని కూర్చోబెట్టి, "అమాయకులండీ, మనసులో ఏమీ లేదు, ఇడ్లీ చూడండి ఒక్కసారి," అని బతిమాలింది. పరాంకుశం గారు కూడా చెడ్డవాడేం కాదు. ఇటువైపు పిల్లలు వేళ్ళు నాక్కుంటుంటే చూసి మెత్తబడ్డాడు.

"సరే, ఆకలికి అరిచానులే. తీసుకురా, రెండు తింటా. బాగుంటే ఇక్కడే కాగితం రాసిచ్చేస్తా."

నా ప్రాణం లేచొచ్చింది. సూరిబాబు గబగబా ప్లేటు పట్టుకుని పరిగెత్తాడు. ఆయన చెయ్యి చాచాడు. ప్లేటుకీ చేతికీ మధ్య జానెడు దూరం.

"నాన్నా!" అని కేక పెట్టింది రోహిణి. "పెట్టావో, ప్రయోగం మొత్తం పాడైపోద్ది! పెట్టని వరుసకి చివరిదాకా పెట్టకూడదు!"

సూరిబాబు టక్కున ఆగాడు. ఆయన కళ్ళెదురుగానే ఆ రెండిడ్లీలూ తను తినేశాడు, తడబడి పెట్టేస్తానేమోనని.

పరాంకుశం గారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు.

నాకు కడుపు మండిపోయింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకున్నారు దద్దమ్మలు! వాళ్ళింటికెళ్ళి చెడామడా తిట్టాను. "రేపు పొద్దున్నే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడండి. లేకపోతే ఆ పొయ్యిలో పిల్లులు పడుకుంటాయి."

రోహిణి అప్పటికే పేజీ తిప్పింది. "ఒక్కసారి చేసిన ప్రయోగం చెల్లదంట నాన్నా. ఏమీ మార్చకుండా మూడుసార్లు చెయ్యాలంట."

"ఓరినీ! అందుకన్నమాట ఆయన కాగితం రాయకుండా పోయాడు!" అన్నాడు సూరిబాబు.

తెల్లారేసరికి రిక్షాలో ఇడ్లీ గిన్నెలెక్కించుకుని నలుగురూ హాస్టలుకెళ్ళారు. కాళ్ళ మీద పడతారేమోనని ఆశ చావక నేనూ వెనకాలే వెళ్ళాను. పిల్లలందరికీ ఊరికే పెట్టారు. వాచ్‌మనుకి పెట్టారు. గేటు దగ్గర ఆవుకి పెట్టారు. పరాంకుశం గారు చూసి, పోనీలే, తప్పు తెలుసుకున్నారు అనుకున్నాడు కాబోలు, నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. తాయారు ఆయన ముందు ఆకు వేసి నీళ్ళు చల్లి తుడిచింది. ఆయన చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"ఊఁ, పెట్టవయ్యా."

సూరిబాబు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"రేపొక్కరోజు ఓపిక పట్టండి సార్. ఇంకొక్కసారి పెట్టకుండా ఉంటే మన పనైపోతుంది."