తొట్టి మీద చాదర్

దస్తగిరి తన గురువు ఖలందర్ ఉస్తాద్ గడప తొక్కేటప్పటికి, అక్కడ తన ఇంట్లో గాజుతొట్టి మీద నాలుగు ఎల్ఈడీ లైట్లు వెలుగుతున్నాయి. ఐదోది సంచిలో ఉంది.

"తొంభై వాట్లది ఉస్తాద్," అన్నాడు అట్టపెట్టె విప్పుతూ. "దీన్ని మించింది మన ఊర్లో దొరకదు. ఇది చాల్తాదా, బెంగళూరు నుంచి ఇంకా పెద్దది తెప్పించాల్నా?"

ఖలందర్ ఉస్తాద్ తన ముందున్న తొట్టిలోంచి కుళ్లిన ఆకు ఒకటి తీసి పళ్లెంలో పెట్టాడు. కొత్త లైటు వంక చూడలేదు.

"రోజుకు ఎన్ని గంటలు వెలిగిస్తాండావు?"

"ఆర్పడంలేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు నెల్లయింది ఉస్తాద్."

ఉస్తాద్ చెయ్యి తుడుచుకున్నాడు. "మధ్యాహ్నం నమాజయినాక మీ ఇంటికొస్తా," అన్నాడు.

ఈ ఉస్తాద్ ఊరి చివర చిన్న దర్గాలో ఉండే ఫకీరు. వయసులో ఉన్నప్పుడు చేపపిల్లల ఫారంలో పనిచేశాడట. దర్గా వెనకగదిలో ఏడు గాజుతొట్లు పెట్టుకున్నాడు. వాటిలో చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ. తాయెత్తు కట్టించుకుందామని వచ్చినవాళ్లు ఆ తొట్ల ముందు కూర్చుని, ఎందుకొచ్చారో మరిచిపోయి లేచిపోతుండేవారు. ఒక్కో తొట్టి పైన జానెడు ఎత్తులో సన్నటి లైటు ఒక్కటే వేలాడేది. అది పొద్దున పదింటికి వెలిగి సాయంత్రం నాలుగింటికి ఆరిపోయేది.

దస్తగిరి ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే పని నేర్చాడు. గులకరాళ్లు పరచడం, వేరు నలగకుండా మొక్క నాటడం, ఆకు రంగు చూసి దాని ఆకలి చెప్పడం, అన్నీ వచ్చాయి. తొట్టి తనంతట తాను కుదురుకునేదాకా నెల రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలన్న పాఠం ఒక్కటే తలకెక్కలేదు. ఇప్పుడు ఊళ్లో ఆసుపత్రుల్లోనూ బంగారు కొట్లలోనూ మెరిసే తొట్లన్నీ అతనివే. వాట్లు, కెల్విన్లు నోటికొచ్చినట్టు చెబుతాడు. "మా ఉస్తాద్‌ది ఇంకా కిరసనాయిలు బుడ్డి కాలం," అని గిరాకీల ముందు నవ్వేవాడు కూడా. శిష్యుడు కాస్త ఎదిగితే గురువు గుడ్డివాడిగా కనిపించడం కొత్తేమీ కాదులెండి.

కానీ ఈసారి అతను గొప్ప చెప్పుకోవడానికి రాలేదు. ఇంట్లో తొట్టిలో ఉన్న మొక్క చచ్చిపోతోంది. దాన్ని నాటింది అతనే అయినా తెచ్చింది తమ్ముడు మౌలాలి.

నాలుగు నెలల కిందట అన్నదమ్ములిద్దరూ కొండవాగుకి వెళ్లారు. అక్కడ మడుగులో రాతి అరుగు కింద, రిబ్బను మెలితిప్పినట్టుండే ఆకులతో ఒక మొక్క పెరుగుతుంది. బజారులో దొరకదు. ఒక పెద్దింటి తొట్టికి అది కావాలని దస్తగిరే తమ్ముణ్ణి బయల్దేరదీశాడు. పొద్దు వాలుతోంది. మౌలాలి నడుములోతు నీళ్లలో దిగాడు. అన్న గట్టున టార్చి పట్టుకున్నాడు.

"వెలుతురు చాలడంలేదన్నా," అన్నాడు మౌలాలి నీళ్లలోంచి.

పెద్ద లైటు రోడ్డు మీద ఆటోలో ఉంది. దస్తగిరి పోయి తెచ్చేసరికి పావుగంట పట్టింది. తిరిగొచ్చి మడుగంతా వెలుగు పారించాడు. నీళ్లు ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

శవం మర్నాడు పొద్దున కింది ఆనకట్ట దగ్గర దొరికింది. కుడిచేతి గుప్పిలి మూసి ఉంది. స్నానం చేయించేవాళ్లు ఎంత ప్రయత్నించినా అది తెరుచుకోలేదు. దస్తగిరి వచ్చి వేళ్లు పెడితే వెంటనే విచ్చుకుంది. లోపల వేర్లతో సహా ఆ మొక్క ఉంది.

ఆకులు అప్పటికే వడలుతున్నాయి. దస్తగిరి దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. బయట తమ్ముడి శవంతో జనాజా లేచింది. ఖబరుస్తాన్‌లో వచ్చినవాళ్లందరూ తలా మూడు గుప్పిళ్ల మట్టి ఇచ్చారు. సొంత అన్న మాత్రం ఇంట్లో కూర్చుని తెల్లటి ఇసక కడిగి, తొట్టి నింపి, మొక్క నాటి, లైటు వేస్తున్నాడు. మూడోరోజు అందరూ సమాధి చూడబోయే జియారత్‌కీ పోలేదు. ఈ రోజుదాకా ఆ ఖబరు ఎక్కడుందో చూడలేదు. జనం నానా మాటలూ అన్నారు. పాపం, అతనికి అవేవీ వినిపించలేదు. ఆ ఆకులు నిలబడితే చాలనుకున్నాడు.

లైటు వేసిన పది రోజులకి గాజు లోపలివైపు నాచు పట్టింది. లైటు ఎక్కువైతే పట్టేదే. వింత ఏమిటంటే, ఆ పచ్చదనం మధ్యలో అరచెయ్యంత మేర తెల్లగా ఉంది. ఎవరో లోపలినుంచి తుడిచినట్టు. మనిషి తొట్టి ముందు కూర్చుంటే సరిగ్గా ముఖం వచ్చే ఎత్తులో ఉంది.

నత్తలు తిన్నాయేమో అంటారు. ఆ తొట్టిలో నత్తల్లేవు. ఆకు కొరుకుతాయని ఒక్క చేపనైనా వేయలేదు.

తమ్ముడు ఇంకా వెలుతురు అడుగుతున్నాడని దస్తగిరి అనుకున్నాడు. రెండో లైటు పెట్టాడు. నాచు చిక్కబడింది. తుడిచిన చోటు అట్లాగే ఉంది. మూడోది పెట్టాడు. నాలుగోది పెట్టాడు. రాత్రీ పగలూ ఆ గదిలో మిట్టమధ్యాహ్నమే. నాచు గాజు దాటి ఆకులకెక్కింది, ఆకులకు చిల్లులు పడ్డాయి. భార్య సైదాబీ పిల్లల్ని తీసుకుని వంటింట్లో పడుకోవడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం ఉస్తాద్ రాగానే ఆమె వాకిట్లోనే ఎదురొచ్చింది. "నేను మొక్క గురించి అడగడంలేదు తాతా," అంది మెల్లగా. "ఆ తొట్టి మమ్మల్ని చూస్తాంది. ఈయప్ప నాలుగు నెల్లుగా కన్ను మూయలేదు. ఇట్లే ఉంటే ఈయప్ప కూడా మాకు దక్కడు."

ఉస్తాద్ లోపలికి వచ్చాడు. చంకలో ఒక మూట, భుజాన దర్గాలో సమాధి మీంచి దించేసిన పాత ఆకుపచ్చ చాదర్. తొట్టి ముందు పీట వాల్చుకుని చాలాసేపు కూర్చున్నాడు. గదిలో వెలుగు సూదుల్లా గుచ్చుతోంది. ఆయన ఆ తెల్లటి చోటుని చూశాడు. తన అరచెయ్యి బయటినుంచి దాని మీద ఆనించాడు.

ఆనించి, వెంటనే తియ్యలేదు. ఆయన ముఖంలో ఏదో మారింది.

"ఈ లైటు ఎవరికి అబ్బీ?" అన్నాడు ఉస్తాద్.

"మొక్కకి."

"అది పెరిగింది రాతి కింద, నీడన. అక్కడ దానికి ఎవరు పెట్టినారు నాలుగు లైట్లు?"

దస్తగిరి తలెత్తి లైట్ల వంక చూశాడు.

ఉస్తాద్ మూట విప్పాడు. అందులో తడి ఎర్రమన్ను. ఎక్కడిదో ఆయన చెప్పలేదు. "ఈ జాతి వేరుతో తింటాది. నువ్వు ఇసకలో నిలబెట్టి నెత్తిన దీపాలు పెట్టినావు. మన్ను వెయ్యి. మూడు గుప్పిళ్లు."

దస్తగిరి మొదటి గుప్పిలి తీసుకుని, ఉండచేసి, చెయ్యి నీళ్లలో ముంచి వేరు పక్కన నొక్కాడు. రెండో గుప్పిలి తీసుకున్నాక అతని చెయ్యి ఆగిపోయింది. ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో చదువుతున్నాడు. మూడో గుప్పిలి వేసేటప్పటికి దస్తగిరికి ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

ఉస్తాద్ లేచి స్విచ్చులు ఒక్కొక్కటీ ఆర్పాడు. చాదర్ విప్పి తొట్టి నాలుగువైపులా దిగేలా కప్పాడు. అంచులు సర్ది, ముడతలు తీశాడు.

"మూడు రోజులు. నాచు చావాలంటే ఇదే మందు, నీకూ తెలుసు. లోపల ఏం చప్పుడైనా సరే, ఎత్తి చూడొద్దు."

"చేపలే లేవు కదా ఉస్తాద్. చప్పుడెట్లయితాది?"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మొదటిరోజు సాయంత్రందాకా ఏమీ లేదు. తర్వాత గాజు మీద గోటితో తట్టినట్టు మొదలైంది. వంటింట్లో సైదాబీ కూడా విన్నది. చాదర్ కదల్లేదు. లోపల మాత్రం తట్టడం ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది.

రెండోరోజు మధ్యాహ్నం దస్తగిరి ఒక్కడే ఉన్నాడు. తట్టడం గట్టిపడింది. దాని వెనకాల, నీళ్లలోంచి మాట్లాడితే ఎట్లా ఉంటుందో అట్లా, మాట వినిపించింది.

"వెలుతురు చాలడంలేదన్నా."

అది చెవికి వినిపించిందో, మనసుకు వినిపించిందో అతను ఇప్పటికీ చెప్పలేడు. ఒక చెయ్యి చాదర్ అంచు పట్టుకుంది, ఇంకో చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. ఎత్తితే తమ్ముడు కనిపిస్తాడు. అది అతనికి ఖాయంగా తెలుసు. ఆ ఒక్క చూపు కోసం ఇల్లు, భార్య, తన ప్రాణం, ఏది పోయినా ఫరవాలేదనిపించింది ఆ క్షణాన.

ఆనాడు రోడ్డు దాకా పరిగెత్తడం గుర్తొచ్చింది. లైటు కోసం తమ్ముణ్ణి వదిలి పోయింది తనే.

ఈసారి పోలేదు. స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు. అంచు వదిలేశాడు. పీట మీద కూర్చుని, ఉస్తాద్ పెట్టినట్టే అరచెయ్యి చాదర్ మీద పెట్టాడు. గుడ్డకి అవతల, గాజుకి అవతల, చల్లగా ఏదో వచ్చి ఆనింది. అరచెయ్యంతే ఉంది.

"ఈడనే ఉండాను రా," అన్నాడు దస్తగిరి. "యాడికీ పోను."

చల్లదనం చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత పట్టు సడలింది. నిద్రపోయే పిల్లవాడి చెయ్యి మన చేతిలోంచి జారినట్టు జారిపోయింది. తట్టడం మళ్లీ వినిపించలేదు. సైదాబీ వచ్చి చూసేసరికి మొగుడు తొట్టికి తల ఆనించి నిద్రపోతున్నాడు.

మూడోరోజు సాయంత్రం అసర్ నమాజయ్యాక ఉస్తాద్ వచ్చి చాదర్ తీశాడు. గాజు మీద నాచు పాలిపోయి పొరలుగా రాలిపోయింది. గాజంతా ఒకేలా ఉంది. ఆ తెల్లటి చోటు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయారు.

మొక్క మాత్రం లేదు. ఆకులన్నీ కరిగి గంజిలా అయిపోయాయి. మన్ను మీద బొటనవేలంత మోడు మిగిలింది.

"పోయింది ఉస్తాద్," అన్నాడు దస్తగిరి.

"లాగి చూడు."

అతను చెయ్యి ముంచి రెండు వేళ్లతో మోడుని పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. అడుగున ఏదో బిగించి పట్టుకుంది. ఆ పట్టు అతనికి తెలుసు. ఆరోజు తన వేళ్ల కింద విచ్చుకున్న గుప్పిలి పట్టు అది. చప్పున వదిలేశాడు.

ఉస్తాద్ నాలుగు లైట్లలో మూడు విప్పి పక్కన పెట్టాడు. నాలుగోదాని వెలుగు కాస్త తగ్గించి జానెడు ఎత్తున కట్టాడు. తర్వాత చాదర్ మడిచాడు. లోపలివైపు నడుమ అరచెయ్యంత మేర తడి ఉంది. మూడు రోజులు గాజుకి బయట కప్పిన గుడ్డ అది. నీళ్లు తగిలే వీలు లేదు.

దాన్ని దస్తగిరి చేతుల్లో పెట్టాడు.

"దీన్ని ఇంక యాడ కప్పాల్నో నేను చెప్పాల్నా?"

దస్తగిరి వాకిలి దాటేటప్పుడు సైదాబీ అలవాటుగా టార్చి అందించింది. పొద్దు వాలుతోంది. అతను దాన్ని గూట్లో పెట్టేసి నడిచాడు.

ఖబరుస్తాన్‌లో తమ్ముడి ఖబరు ఏదో ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. పక్క ఖబర్లన్నీ నున్నగా ఉంటే దాని మీద ఒక్కచోట, అరచెయ్యంత మేర, ఎవరో ఎర్రమన్ను తవ్వి తీసుకున్న గుర్తుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆ గుంటని చేత్తో పూడ్చాడు. చాదర్ విప్పి, తడి కిందికి వచ్చేలా పరిచి, అంచులు సర్ది, ముడతలు తీశాడు.

చీకటి పడింది. చేతులు కనిపించడం మానేశాయి.

"వెలుతురు ఇంక చాల్లేరా మౌలాలీ," అన్నాడు దస్తగిరి. "పడుకో."