గవరమ్మ చేసిన ఆపరేషన్లు

శశిభూషణ్ చేసిన కంటి ఆపరేషన్లు మూడేళ్ళలో ఆరువందలు దాటాయి. దండాలు మాత్రం ఒక్కటీ అతని వాటాకి రాలేదు.

కారణం చిన్నదే. బల్ల మీద పడుకున్న మనిషి మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మాస్కులే. మర్నాడు కట్టు విప్పగానే ఎదురుగా తెల్లగడ్డంతో గురువుగారు డాక్టర్ కామేశం కనిపిస్తారు. ఇంకేముంది, అందరూ ఆయన కాళ్ళ మీద పడతారు. "నేను కాదమ్మా, ఇతను" అని ఆయన చూపిస్తే, ఎంత వినయమో చూడండని మరోసారి పడతారు.

ఆ సోమవారం అచ్చియ్యమ్మ అనే ముసలావిడ అలాగే రెండుసార్లు పడి లేచి, పక్కనున్న శశిభూషణ్ చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియర్ పెట్టింది. "కూసింత కడిగి అట్టుకురా నాయనా" అంది.

కడిగి తెచ్చాడు. తెచ్చి, తన పేరు బోర్డు మీద రాస్తామన్న ఇంకో ఆస్పత్రికి వెళ్ళిపోతున్నానని ఉత్తరం రాసి గురువుగారి ముందు పెట్టాడు.

కామేశం గారు చదివి కోటు జేబులో వేసుకున్నారు.

"ఇవాళ పొద్దున నువ్వు చేసినవాళ్ళు వార్డులో ఉన్నారు. ఎవరు చేశారో అడుగుదాం పద. నా గొంతు గుర్తుపడతారు, నువ్వే అడుగు."

వాళ్ళకి ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. ఎదురుగా ఎవరున్నదీ తెలియదు.

"తాతా, నీకు ఆపరేషన్ ఎవరు చేశారు?"

"గవరమ్మ" అన్నాడు సింహాచలం తాత, తడుముకోకుండా.

గవరమ్మ ఆ ఆస్పత్రిలో ఆయా.

"ఆవిడెలా చేస్తుంది తాతా?"

"నాను గవరమ్మని, బయపడకు అని సెయ్యి ఒట్టుకుంది. అయిపోయేదాకా ఒగ్గలేదు. ఇంకెవులు సేత్తారు?"

రెండో మంచం కూడా గవరమ్మే అంది. మూడో మంచమూ అంతే. నాలుగో మంచం మీది సూరమ్మ మాత్రం ఇంకో మాట కలిపింది.

"గవరమ్మే. పక్కన ఎవుడో కుర్రోడు కూడా ఉన్నాడు. ఒకటే కిరికెట్టు కబుర్లు. ఆడినెందుకు లోపలికి రానిత్తారో."

శశిభూషణ్ చెవులు ఎర్రబడ్డాయి. కామేశం గారు వరండాలోకి వెళ్ళి, గోడ పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత గవరమ్మని పిలిచి మర్నాటికి సెలవిచ్చేశారు.

మర్నాడు మొదట బల్లెక్కింది పైడమ్మ. పక్కకి చెయ్యి చాచి తడిమింది. "గవరమ్మేదీ?" అంది. గురువుగారు తలుపు దగ్గర నిలబడి, తనకేమీ పట్టనట్టు గోడకేసి చూస్తున్నారు.

శశిభూషణ్ ఇంకా చేతులు కడుక్కోలేదు. మాస్కు కిందికి లాగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నా పేరు శశి. మీ కంటికి ఆపరేషన్ చేసేది నేనే. భయమేస్తే చెప్పండి, ఆగుతాను."

చెప్పాక అతనికే కాస్త భయమేసింది. ఆరువందల ఆపరేషన్లలో అదే మొదటిసారి.

"మరి నువ్వు కోత్తుంటే నా సెయ్యి ఎవులు ఒట్టుకుంటారు బాబూ?"

కామేశం గారు స్టూలు లాక్కుని కూర్చుని ఆ చెయ్యి అందుకున్నారు. అయిపోయేదాకా వదల్లేదు. ఆ రోజు లోపల క్రికెట్ ఊసు లేదు.

బుధవారం కట్టు విప్పగానే పైడమ్మ గొంతు పోల్చుకుంది. "శశిబాబువి నువ్వేనా? సల్లగుండు" అంది. పక్కనున్న గడ్డపాయన చెయ్యి తడిమి చూసింది. "సెయ్యి ఒట్టుకున్నోడివి నువ్వే కదూ? మంచోడివి." మంచం కింద నుంచి క్యారియర్ తీసి ఆయనకిచ్చింది. "కూసింత కడిగి అట్టుకురా బాబూ."

"అలాగేనమ్మా" అని ఆయన కుళాయి దగ్గరికి నడిచారు.

శశిభూషణ్ వెనకే పరిగెత్తాడు. గురువుగారు కోటు చేతులు పైకి మడిచి పప్పు గిన్నె తోముతున్నారు. చిందిన నీళ్ళకి జేబులోని ఉత్తరం తడిసి సిరా కోటుకి దిగుతోంది. అది తీసి ఆరబెడదామని ఇద్దరికీ తోచలేదు.

"ఇలా ఇవ్వండి సార్."

ఆయన గిన్నె ఇవ్వలేదు.

"మూత నువ్వు కడుగు" అన్నారు.