పోలయ్య చాటింపు

కామావధానులుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కాస్త కురచ చేసి అడగమనేవారు. అతడు కొన్ని మాటలు తీసేసి మళ్ళీ అడిగేవాడు. ఇంకా కురచ చెయ్యమనేవారు. అలా చెక్కగా చెక్కగా ప్రశ్నలోని పాండిత్యమంతా రాలిపోయి, అడిగినవాడి బాధ ఒక్కటే మిగిలేది. అప్పుడుగాని ఆయన నోరు విప్పేవారు కాదు. విప్పినా శాస్త్రం చెప్పేవారు కాదు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆయన రాజమహేంద్రవరంలో అదాలతు పండితుడుగా చాలాకాలం పనిచేశారు. దొరలు తీర్పు చెప్పేముందు మన ధర్మశాస్త్రం ఏమంటుందో విన్నవించే ఉద్యోగం అది. అది మానుకున్నాక ఇంటి వసారాలో కొందరికి పాఠం చెప్పేవారు. వారిలో విస్సన్న అనే యువకుడు అదాలతులోనే తర్జుమా పనిలో ఉండేవాడు. బానిసల విషయమై కంపెనీ సర్కారు కొత్త చట్టం చేసినప్పుడు దాన్ని తెలుగు చేసే పని అతడి మీద పడింది. పని ముగిసింది గాని అతడి మనసు కుదుటపడలేదు. పాఠం మధ్యలో లేచి వీధిలోకి చూసి వచ్చేవాడు. చదివిన పంక్తే మళ్ళీ చదివేవాడు. ఒక సాయంకాలం తక్కినవాళ్ళంతా వెళ్ళిపోయాక, గడప దగ్గరే నిలబడి మనసులో ఉన్నదంతా వెళ్ళగక్కాడు.

మనుషుల్ని ఓడలెక్కించి అమ్మకూడదని వెనక ఒక చట్టం వచ్చింది. ఒక సీమనుంచి ఇంకొక సీమకు తెచ్చి అమ్మకూడదని తరవాత ఇంకొకటి వచ్చింది. ఇప్పుడేమో, వీడు నా బానిస అని ఎవరైనా వస్తే అదాలతు ఆ మాట వినదట. ఎన్ని వచ్చినా, బానిసలందరికీ నేటితో విడుదల అన్న ముక్క మాత్రం ఎందులోనూ లేదు. మన శాస్త్రంలో అయితే యజమాని దాసుడి భుజం మీది కుండ తీసి పగలగొట్టాలి, నెత్తిన నీళ్ళు చల్లి నువ్వు దాసుడివి కావని అనాలి. అక్కడ కనీసం ఒక కుండైనా పగులుతుంది. ఇక్కడ ఏం పగిలింది? కాగితం మీద సిరా ఆరింది, అంతే కదా?

"కురచ చెయ్యి," అన్నారు అవధానులుగారు.

విస్సన్న శాస్త్రం తీసేశాడు. తరవాత వెనకటి చట్టాలు తీసేశాడు. చివరకు, "చట్టం వచ్చింది. మనిషికి విడుదల వచ్చినట్టేనా?" అన్నాడు.

అవధానులుగారు అతణ్ణి కూర్చోమని, ఈ సంగతి చెప్పారు.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఒక రేవు ఉండేది. అక్కడ పోలయ్య అనేవాడు కచేరీ తరఫున తప్పెట కొట్టి చాటింపు వేసేవాడు. పన్నులు కట్టమన్నా, తుపాను వస్తుందన్నా, ఊళ్ళో కొత్త దొర దిగాడన్నా జనానికి మొదట తెలిసేది పోలయ్య గొంతులోనే. వాణ్ణి కచేరీ మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. గుమాస్తా మెట్టు మీద నిలబడి మాటలు చెబితే, వాడు కింద నిలబడి ఒక్కసారి విని, అక్షరం పొల్లు పోకుండా ఊరంతా వినిపించేవాడు.

ఒక ఏడు వానలు బొత్తిగా పడలేదు. మరుసటి ఏడూ అంతే. పోలయ్య పెళ్ళాం మొదట పోయింది. కొడుకు మంచం పట్టాడు. అప్పుడు వాడు కూతురు నూకాల్ని వెంటబెట్టుకుని రేవు దగ్గరి దుబాసీ జగ్గప్ప గిడ్డంగికి వెళ్ళాడు. ఓడ దొరలకూ ఊరికీ మధ్య బేరాలు కుదిర్చే మనిషి జగ్గప్ప. పిల్లను అక్కడ వదిలి ఒక బస్తా బియ్యం భుజాన వేసుకుని వచ్చాడు. ఆ బస్తా ఖాళీ కాకముందే కొడుకూ పోయాడు. నూకాలు ఏదని ఇరుగుపొరుగు అడిగితే, అక్కగారింటికి పంపానని చెప్పాడు. వాళ్ళు మరి అడగలేదు. ఆ ఏడు ఊళ్ళో చాలామంది పిల్లలు మేనత్తల ఇళ్ళకు వెళ్ళారు.

కొన్నాళ్ళకు ఒక ఓడ వచ్చి, పాయ సముద్రంలో కలిసే మొగకు అవతల లంగరు వేసింది. గిడ్డంగిలో ఉన్నవాళ్ళను ఆ ఓడలో సముద్రాల అవతలికి తీసుకుపోతారని రేవులో అనుకుంటుంటే పోలయ్య విన్నాడు. దుబాసీ ఇంట్లో అంట్లు తోముకుంటూ ఇంత తిని బతుకుతుందనీ, వానలు పడ్డాక వెళ్ళి అడగవచ్చుననీ అంతవరకు తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ మాట నిలవలేదు. వాడికి అన్నం సయించలేదు. రేవుదాకా వెళ్ళడం, గిడ్డంగి గోడ చూడడం, వెనక్కి రావడం, ఇదే పనయింది.

సరిగ్గా అప్పుడే కచేరీనుంచి పిలుపు వచ్చింది. గుమాస్తా మెట్టు మీద నిలబడి కొత్త ఆజ్ఞ చెప్పాడు. మనుషుల్ని కొని ఓడలెక్కించడం ఈ రోజునుంచి నేరం. ఓడ ఎక్కబోతున్నవాళ్ళను వెనక ఎప్పుడు అమ్మినా సరే, అమ్మినవాడికీ, కొన్నవాడికీ శిక్ష తప్పదు.

అర్థమయిందా అని గుమాస్తా అడిగితే పోలయ్య తల ఊపాడు. తాటాకు మంట వేసి తప్పెట కాచుకున్నాడు. సంతలో చాటాడు, సాలెపేటలో చాటాడు, పల్లెకారుల గుడిసెల మధ్య చాటాడు. వాడి గొంతు ఎన్నడూ అంత గట్టిగా పలకలేదని విన్నవాళ్ళు తరవాత చెప్పుకున్నారు. అన్ని పేటలూ అయ్యాక గిడ్డంగి వాకిట్లో నిలబడి, లోపలివాళ్ళకు కూడా వినపడేట్టు చాటి, తలుపు తీస్తారని ఎదురుచూశాడు.

తలుపు తియ్యలేదు. జగ్గప్ప పక్కనున్న ఇంట్లోంచి బయటికి వచ్చాడు. వాడికేమీ కోపం రాలేదు. ఆజ్ఞ తనకూ వినపడిందన్నాడు. ఇక్కడ అమ్మకాలూ కొనుగోళ్ళూ ఏమీ లేవనీ, లోపలున్నవాళ్ళు ఓడ దొర దగ్గర కొలువుకు ఇష్టపడి పోతున్న పనివాళ్ళనీ, ఆ సంగతి కచేరీలో ముందే చెప్పుకున్నాననీ అన్నాడు. బాగా చాటావని మెచ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పోలయ్య కచేరీకి పరుగెత్తాడు. గుమాస్తా చెడ్డవాడు కాదు, అంతా విన్నాడు. దుబాసీ కొలువంటున్నాడు, కాదనడానికి ఒక మనిషి కావాలన్నాడు. అమ్మకం జరిగిందని తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటారు. కొన్నవాడు చెప్పడు.

"అమ్మినవాడు చెబితేనో, బాబూ?"

"వాడికేమవుతుందో ఇందాక నువ్వే ఊరంతా చాటి వచ్చావు కదరా," అన్నాడు గుమాస్తా.

పోలయ్య తిన్నగా ఇంటికి పోలేకపోయాడు. పిల్లల్ని మేనత్తల ఇళ్ళకు పంపినవాళ్ళ గడపలన్నీ ఒక్కొక్కటిగా తొక్కాడు. అందరం కలిసి వెళ్ళి చెబుదామన్నాడు. సాలెవాడొకడు మగ్గం మీదనుంచి తల ఎత్తకుండానే, మా పిల్ల మేనత్త దగ్గర సుఖంగా ఉందన్నాడు. గంగి అనే పల్లెకారుల మనిషి, తన కొడుకు పేరెత్తగానే తలుపు వేసుకుంది. ఇంకొకడు, నీ కూతురు అక్కగారింటికి పోలేదా ఏమిటని అడిగాడు. పోలయ్య వచ్చేశాడు. వాళ్ళు చెప్పింది అబద్ధమని వాడికి ఎలా తెలుసో, వాడు చెప్పింది అబద్ధమని వాళ్ళకూ అలాగే తెలుసు. అయినా ఒకరి అబద్ధం మీద ఒకరు చెయ్యి వెయ్యకుండా ఆ కరువు గడుపుకొస్తున్నారు.

మర్నాడు పొద్దున నీళ్ళు సముద్రంలోకి తీసే ఆటు మొదలయ్యాక గిడ్డంగిలోని వాళ్ళను పడవల్లో ఓడ దగ్గరికి చేరుస్తారని తెలిసింది. ఆ పొద్దున పోలయ్య గుడిసె ముందు తాటాకు మంట లేచింది. కచేరీనుంచి పిలుపేమీ రాలేదే, వీడు తప్పెట కాస్తున్నాడేమిటని చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూశారు.

వాడు సంత నడుమ నిలబడి కొట్టాడు. జనం మూగాక, వాడుకగా అనే మాటలు అనబోయి, ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇది దొరగారి మాట కాదు, నా మాట. నేను, తప్పెట పోలయ్యని, నా కూతురు నూకాల్ని దుబాసీ జగ్గప్పకి అమ్మాను. అక్కగారింటికి పంపలేదు. అమ్మాను."

కొందరు నవ్వారు. తాగాడనుకున్నారు. వాడు మళ్ళీ కొట్టి మళ్ళీ అదే చెప్పి కదిలాడు. సాలెపేటలో చెప్పాడు. మగ్గాల చప్పుడు ఆగింది. దుబాసీ మనుషులు ఎదురొచ్చి చేతిలోని కర్ర లాక్కుని విరిచేస్తే, అరచేత్తో కొట్టుకుంటూ నడిచాడు. పల్లెకారుల పేట దాటుతుండగా వెనక అడుగుల చప్పుడయింది. గంగి. తల మీద కొంగు కూడా సరిచేసుకోకుండా వచ్చి, "నా కొడుకునీ" అని ఒక్క మాట అని, వాడి వెనక నడిచింది. తరవాత సాలెవాడు వచ్చాడు. ఇంకా కొందరు వచ్చారు. అందరూ రాలేదు. చాలామంది తలుపుల వెనకే ఉండిపోయారు.

కచేరీ ముందుకు చేరేసరికి దొర బయటికి రాక తప్పలేదు. పోలయ్య ఆయన ఎదుట కూడా తప్పెట కొట్టే చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. బంట్లు రేవుకు పరుగెత్తారు. రెండు పడవలు అప్పటికే గట్టు విడిచాయి. వెనకదాన్ని పాయలో ఆపి ఒడ్డుకు లాగారు. అందులో నూకాలు ఉంది. ముందరిది మొగ దాటిపోయింది. ఓడ అందులోనివాళ్ళను ఎక్కించుకుని తెరచాప ఎత్తింది. గంగి కొడుకు అందులో ఉన్నాడు. ఒడ్డున ఆమె పోలయ్యవైపు చూడలేదు. నీళ్ళల్లోకి మోకాలి లోతుదాకా నడిచి అక్కడే నిలబడింది.

ఆజ్ఞలో ఉన్నట్టే జగ్గప్పకు జరిమానా పడింది. ఆజ్ఞలో ఉన్నట్టే పోలయ్యను ఖైదులో వేశారు. తమ పేరు చెప్పుకుని వెనక నడిచినవాళ్ళను కరువు చూసి వదిలిపెట్టారు గాని, ముందు నోరెత్తినవాణ్ణి వదిలితే చట్టానికి విలువేముందని దొర అన్నాడట. నూకాలు రోజూ అంబలి ముంత తెచ్చి ఖైదు గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. విడిచిపెట్టిన రోజున వచ్చి, తోవలో ఒక్కటే అడిగింది.

"ఆ రోజు నన్ను లోపలికి తోసి, మళ్ళీ తిరిగి చూడలేదేం, అయ్యా?"

చాటింపు ఉద్యోగం అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. పోలయ్య రేవులో మూటలు మోసి, కూతురి పెళ్ళి చేసి, ఆ ఊళ్ళోనే పోయాడు. జగ్గప్ప కొన్నాళ్ళు ఊరుకుని, ఇంకో పాయ దగ్గర ఇంకో గిడ్డంగి కట్టాడు. అక్కడ ఏం జరుగుతున్నదీ తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు. తప్పెట కొట్టినవాడు లేడు.

అవధానులుగారు ఇంతవరకు చెప్పి ఆగారు. విస్సన్న అప్పటికే రెండుసార్లు లేచి కూర్చున్నాడు. ముందరి పడవలో పోయినవాళ్ళకు ఆ చట్టం వచ్చినట్టా, రానట్టా అని అడిగాడు. ఈసారి కురచ చెయ్యమని ఆయన అనలేదు.

వీధిలో ఎవరో నడిచి వెళ్ళారు. ఆ అడుగులు దూరమయ్యేదాకా విస్సన్న ఆగాడు. అతడు ఉంటున్న ఇల్లు పక్క వీధిలోనే. తండ్రి పోయాక పినతండ్రి తీసుకొచ్చి, ఆ ఇంట్లోనే అన్నం పెట్టి చదువు చెప్పించాడు. అతడు అవధానులుగారి దగ్గరికి జరిగి, ముఖం కిందికి పెట్టుకుని, పెదవులు కదిలీ కదలనట్టుగా చెప్పాడు.

"మా పినతండ్రిగారింట్లో అచ్చి అని ఒక మనిషి ఉంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు కొన్నారు. నేను ఆ చట్టం తెలుగు చేస్తున్నన్నాళ్ళూ నా ప్రమిదలో నూనె పోసింది ఆవిడే. అందులో ఏముందో ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

అవధానులుగారు లేచి, పైపంచె దులిపి భుజాన వేసుకుని, పక్క వీధివైపు చూశారు.

"చాలా నెమ్మదిగా చెప్పావు, నాయనా," అన్నారు.